మరిది తెచ్చిన అర్జీ

మా ఆయన నగరి చీరల వ్యాపారి. బొంబాయి పోదామని మద్రాసులో ఎక్కిన విమానం, లేచిన కాసేపటికే కూలిపోయింది; ఆయన దక్కలేదు. ఇంజను బాగాలేదని మెకానిక్ ముందురోజే రాసిపెట్టినా, కంపెనీ మేనేజరు విమానాన్ని పంపించేశాడని తర్వాత తెలిసింది. టిక్కెట్టు చిత్తూరులో కొన్నాడు గనుక అక్కడి కోర్టులోనే కంపెనీ మీదా, ఆ మేనేజరు మీదా దావా వేసి గెలిచాను. చిత్తూరు అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది గనుక, వాళ్లు మద్రాసు హైకోర్టుకు అప్పీలు వెళ్లారు.

అప్పటినుంచి మా మరిది రాకపోకలు ఎక్కువయ్యాయి. అంతవరకు దావా ఊసే ఎత్తని మనిషి, వకీలు ఏమన్నాడని గుచ్చి గుచ్చి అడిగేవాడు. ఒక మధ్యాహ్నం ఇంగ్లీషు కాగితం ఒకటి తెచ్చాడు.

"ఈడ సంతకం పెట్టు వదినా. వాయిదా కోసరం."

"వకీలు గుమస్తా తేవాల్సింది నువ్వు తెచ్చినావేమబ్బా?"

"బస్టాండులో కనపడి ఇచ్చినాడు."

ఆ మాట అంటున్నప్పుడు నా మొహం చూడలేదు. ముందు తినమని అన్నం వడ్డించి, పెరుగు తెస్తానని చెప్పి, కాగితం కొంగు కింద పెట్టుకుని పక్కవీధిలోని మిషన్ బడి టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆమె రెండుసార్లు చదివింది.

"వాయిదా కాదమ్మా ఇది. మేనేజరు తప్పేం లేదు, ఆయన్ను దావాలోనించి తీసేయండని నువ్వే అడుగుతున్నట్టు రాసినారు."

తిరిగి వచ్చి, సంతకం పెట్టనన్నాను. మరిది చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు.

వకీలు కూడా వాళ్లతో కలిశాడేమోనని నాకు రాత్రంతా అనుమానమే. పొద్దున్నే నాయనతో చిత్తూరు వెళ్లి కాగితం ఆయన ముందు పెట్టాను. ఆయన మొహం నల్లబడింది.

"నేను రాసింది కాదమ్మా ఇది."

"ఎట్ల నమ్మేది సామీ?"

ఇంక లేద్దామని నాయన నా చెయ్యి నొక్కాడు. నేను లేవలేదు. వకీలు కోప్పడకుండా ఆ అర్జీని మా ఎదుటే హైకోర్టుకు పంపే కాగితాల్లో చేర్చి, జరిగిందంతా నా చేత చెప్పించి రాయించాడు. నాయన నిలదీస్తే మరిది ఒప్పుకున్నాడు, కంపెనీలో ఉద్యోగం ఇస్తామన్నారట.

అప్పీలు కొట్టేశారు. మేనేజరు పేరు తీర్పులో అట్లాగే నిలిచింది. వకీలుకు దండం పెట్టి, ఆయన్ను అనుమానించినందుకు క్షమించమన్నాను. మరిదితో మాత్రం ఆ తర్వాత పదేళ్లు మాట్లాడలేదు.