మా మంచానికి పడ్డ నల్లి నింద

దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ ఫ్యాను మోతలో నా మాట కొట్టుకుపోతుంది. నేను ఐదో తరగతి దాటలేదు గానీ, నన్నన్న మాట ఒక్కటి కూడా మర్చిపోలేదు.

మాది పెదపారుపూడి దగ్గర పల్లె. కోత మిషన్లు వచ్చాక వరిచేలో మాకు పని తగ్గింది. అప్పుడే ఊరి చివర ఒకాయన పాలీహౌస్ వేశాడు. పెద్ద ప్లాస్టిక్ పందిరి, లోపలంతా కీరదోస పాదులు. నేను ముదురాకులు తుంచే పనికి చేరాను. బురద లేదు, వాన లేదు. "నీదేం వదినా, ఆఫీసు ఉద్యోగం!" అని వీధివాళ్లు కుళ్లుకున్నారు.

రెండో పంటకి తుమ్ములు పట్టుకున్నాయి. మొదలైతే పదికి తక్కువ ఉండవు. చేతుల నిండా దద్దుర్లు, ఆనక ఆయాసం. గుడివాడ డాక్టరుగారు నేను చేసే పనేంటో అడిగి, మాత్రలూ పీల్చే మందూ రాసి, "నీకు నల్లి పడట్లేదమ్మా" అన్నారు.

పక్కనే ఉన్న మా అత్తగారికి అంతవరకే వినిపించింది. మా ఇంట్లో నల్లి అంటే మంచం సందుల్లో దూరేదే, ఇంకో నల్లి మాకు తెలీదు. "నా కొంపలో నల్లులా!" అంటూ బస్సు దిగీ దిగగానే మంచాలు వీధిలోకి ఈడ్పించి, సందుల్లో సలసల కాగే నీళ్లు పోసింది. నా పరుపు తగలెట్టింది. ఆ పొగ చూసి ఊరంతా వచ్చింది.

"ఏం వదినా, ఇకమీదట మీ ఇంటికొస్తే నిలబడే మాట్లాడాలా?" అంది ఎదురింటావిడ.

నవ్వులు సరే, పడతాను. కానీ ఆ మాట ఓనరుగారి దాకా వెళ్లింది. "పందిరి లోపలికెళ్తేనే ఆయాసం వస్తోంది బాబాయిగారూ" అన్నాను. "నల్లులు మీ ఇంట్లో పెట్టుకుని నా పాదుల్ని ఆడిపోసుకుంటావేంటమ్మాయ్? హైదరాబాద్ మాల్స్‌కి వెళ్లే సరుకిది. తగ్గాకే రా" అన్నాడు. అంటే పనికి రావద్దని. నాకేమో ఊపిరీ కావాలి, పనీ కావాలి.

సరేనని కోడూరులో మా చెల్లెలింటికి వెళ్లాను. దాని నవారు మంచంలో అసలు సిసలు నల్లులు కాపురముంటున్నాయి. నాలుగు రోజులు నా వీపు పీక్కుతిన్నాయి. ఒక్క తుమ్ము వస్తే ఒట్టు! ఆయాసం ఊసే లేదు. వీపు గోక్కుంటూనే ఆలోచనలో పడ్డాను.

తిరిగొచ్చి నేరుగా పాలీహౌస్‌కి వెళ్లాను. పనివాడు గుమ్మం దగ్గర డ్రమ్ములో మందు కలుపుతున్నాడు. ఓనరుగారు పక్కన నిలబడ్డాడు.

"దేనికండీ ఆ మందు?"

"ఎర్రనల్లికమ్మాయ్. ఆకు అడుగున పట్టేసింది, ఎంత కొట్టినా చావట్లేదు."

"అయ్యో, మా ఇంటి నుంచి ఇంత దూరం నడిచొచ్చాయా పాపం! కాస్త మిగిల్చి మా మంచానికీ కొట్టించండి బాబాయిగారూ."

పనివాడు నవ్వాపుకోలేక డ్రమ్ము వెనక్కి తిరిగాడు. "డాక్టరుగారు పడదన్న నల్లి ఇదేనండీ" అని నేనో ఆకు తుంచి తిప్పి చూపించాను. సన్నటి బూజు, అందులో కారప్పొడిలాంటి చుక్కలు, నడుస్తున్నాయి. "ఇదీ అదీ ఒకటేంటి" అని గొణిగాడే గానీ ఆయన ఆ ఆకు ముట్టుకోలేదు. ఎప్పుడో జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. అంటే నాకు తెలియని సంగతి ఆయన ముక్కుకి ముందే తెలుసన్నమాట!

మర్నాటి నుంచి నన్ను బయట షెడ్డులో కాయలు ఏరే పనిలో పెట్టాడు. ఆయాసం తగ్గింది. మా అత్తగారు మాత్రం "ఇల్లు శుభ్రమైందిగా" అంటుంది, పరుపు ఊసెత్తదు.

లోపల నా పాదుల దగ్గర ఇంకో ఆవిణ్ని పెట్టాడు. మొన్న తుమ్ములు వినిపించాయి, వరసగా ఎనిమిది. "ఎవరూ మంచాలు బయటెయ్యకండర్రా!" అని షెడ్డులోంచే కేకేశాను. రేపు ఆవిణ్ని గుడివాడ తీసుకెళ్తున్నాను, ఆకు కవర్లో కట్టుకుని మరీ.

ఇంతసేపూ విన్నారు, చల్లగా ఉండండి. మీ మంచాలు నిందపడకుండా, మీ ఇంటిల్లిపాదికీ ఊపిరి హాయిగా ఆడుగాక.