సంతకానికి ముందు ప్రార్థన

మంగళగిరిలో బస్సెక్కిన ఆమె నా పక్కన కూర్చుని, నా ఒళ్లో ఉన్న పరిశుద్ధ గ్రంథం వైపు కాసేపు చూసి, "అబద్ధం మీద సంతకం పెడితే పాపమే కదండీ?" అని అడిగింది.

స్కూటర్ మీద వెళ్తున్న ఆమె భర్తను వెనక నుంచి కారు గుద్దిందట. విజయవాడ ఆసుపత్రిలో ఉన్నాడు, మర్నాడు కాలికి ఆపరేషన్. కారుది తప్పేమీ లేదని, తన భర్తే అడ్డొచ్చాడని ఆమె రాసిస్తే, ఆపరేషన్ ఖర్చంతా కారు యజమాని పెట్టుకుంటానన్నాడట.

"రాసివ్వకపోతే?"

"కోర్టుకెళ్లి తేల్చుకోమంటున్నారండీ. కోర్టు తేల్చేదాకా ఆ కాలు ఆగుద్దా? పోనీ పెడదామంటే, ఆయన కళ్లు తెరిచినప్పుడల్లా 'నా తప్పేం లేదే, నేను పక్కనే పోతన్నా' అని ఒకటే మాట."

అబద్ధ సాక్ష్యం ఎంత పాపమో సండే స్కూల్లో పిల్లలకు ఏళ్ల తరబడి చెప్పినదాన్ని. బస్సు వారధి దాటుతుండగా, "ప్రార్థన చేద్దామమ్మా" అని ఆమె చెయ్యి పట్టుకున్నాను.

ఆమె మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దులెండి. రాజీ మాట్లాడ్డానికి వాళ్లు పాస్టరు గారినే తీసుకొచ్చారు. ఆయన కూడా నా తల మీద చెయ్యి పెట్టి, ప్రార్థన చేశాకే కాగితం ఇచ్చారండీ."

ఆసుపత్రి దగ్గర దిగిపోయింది. సంతకం పెట్టిందో లేదో నాకు తెలియదు. ఆమె కోసం రోజూ మోకరిస్తాను. దేవుణ్ణి ఏమని అడగాలో మాత్రం ఇప్పటికీ తెలియడం లేదు.