తడిపి చూసుకోండి

మా ఊరి బడిలో చేనేత నేర్పిన పరమేశ్వర్ సారు పాముకు కూడా భయపడేవాడు కాదు. బట్ట కొనేవాళ్లంటే మాత్రం వణికిపోయేవాడు. అరవై ఒకటిలో హెడ్మాస్టరు గారు వరండాలో మాచేత దుకాణం పెట్టించారు. రామన్నపేట నుంచి నూలు తెచ్చేదీ, రంగు వేసేదీ, నేసేదీ, బేరమాడి అమ్మేదీ పిల్లలమే. ఎవరైనా బేరానికి రాగానే సారు మగ్గం చాటుకు పోయేవాడు. మేం నవ్వుకునేవాళ్లం.

ఒకనాడు మా ఊరి దొర ఉండే గడి నుంచి మనిషి వచ్చి, పెండ్లిలో దొర వేసుకోవడానికని ఎర్రంచు కండువా కొనుక్కుపోయాడు. మేం సంబరపడుతుండగా సారు మిగిలిన ఎర్ర నూలును తడిచేత్తో పట్టుకున్నాడు. అరచెయ్యంతా ఎర్రబడింది. తొందరలో మేం రంగును సరిగ్గా ఉడకనివ్వలేదు.

సారు గబగబా బట్టలు మడతపెట్టసాగాడు.

"దుకాణం మూయుండ్రి. ఎవలడిగినా తెల్వదనుండ్రి."

ఆ భయమెక్కడిదో అప్పుడు చెప్పాడు. ఆయన చిన్నప్పుడు, వాళ్ల నాయిన వెంకటనర్సు నేసిన కండువా రంగు దిగి ఇదే దొర తెల్లంగికి అంటిందట. దొర మనుషులు మగ్గాన్ని వాకిట్లోకి ఈడ్చి విరగ్గొట్టారట. ఆ తర్వాత వెంకటనర్సు మళ్లీ నేయలేదట.

మాలో దుకాణం చూసుకునే ఆండాళు మాత్రం ఊరుకోలేదు. "తెలిసీ చెప్పకుంటె మోసం గాదా సార్? గిప్పుడే పోయి వేరేది ఇద్దాం."

"వద్దు బిడ్డా, నీకు తెల్వదు!"

ఆమె రంగు దిగని మరో కండువా చంకన పెట్టుకుని బయలుదేరింది. పిల్లను ఒంటరిగా పంపలేక సారూ నడిచాడు. వెనకే నేను.

గడిలో దొర పడక కుర్చీలో ఉన్నాడు. సారు వంగి దండం పెట్టి, మీ బానిసనన్నట్టు "బాంచెను" అని ఆగిపోయాడు.

ఆండాళే చెప్పింది. "దొరా, గా ఎరుపు దిగుతది. తప్పు మాదే. గిది తీస్కోండ్రి."

దొర సారునే చూశాడు. "నువ్వెవని కొడుకువురా?"

సారు ఈసారి తలెత్తాడు. "వెంకటనర్సు కొడుకును. మీరు మగ్గం ఇరగ్గొట్టిచ్చిన వెంకటనర్సు."

దొర కాసేపు ఆలోచించాడు. "ఏ వెంకటనర్సురా?" అని, మేం తెచ్చింది ఉంచుకుని, ముందు కొన్న కండువా తెప్పించి మా ముందు పడేయించాడు.

దారిలో సారు ఒక్కటే మాటన్నాడు. "యాదే లేదంట బిడ్డా." నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు దుకాణంలో నీళ్ల గంగాళం పెట్టించి, సారే ముందు కూర్చున్నాడు. ప్రతి బట్ట అంచూ కొనేవాళ్ల ఎదుటే ముంచి, "తడిపి చూస్కోండ్రి" అనేవాడు. ముంచిన ప్రతిసారీ ఆయన గంగాళంలోకి తొంగిచూసేవాడు. నీళ్లు తేటగానే ఉన్నాయని తేలేదాకా మేమూ ఊపిరి బిగబట్టేవాళ్లం.