మామ జీపులో చిన్న లివరు

నేను దయ్యాలనూ మహిమలనూ నమ్మే మనిషిని కాను. చెన్నై చూలైలో ఇరవై ఏళ్లుగా మెకానిక్ షెడ్డు నడుపుతున్నాను. బండి దానంతట అదే హారన్ కొట్టిందని ఎవరైనా వణుక్కుంటూ వస్తే, వైరింగ్ విప్పి చూపించి పంపిస్తాను. ఈ సంగతిని కూడా అలా విప్పి చూపించగలిగితే ఎంత బాగుండేదో.

నాకు పని నేర్పింది మా అమ్మ తమ్ముడు, రాఘవ మామ. కోడంబాక్కంలో ఉంటాడు. తన పాత ఫోర్‌వీల్ జీపును సినిమా షూటింగులకు అద్దెకు తిప్పేవాడు, తనే నడిపేవాడు. ఆ జీపును అత్త "నా సవతి" అనేది. ఆయుధపూజ నాడు దానికి శ్రద్ధగా బొట్లు పెట్టేది కూడా ఆమే.

నిరుడు మదనపల్లె దగ్గర ఒక మామిడి తోటలో షూటింగ్ జరుగుతుండగా జీపు ఇంజన్ పట్టేసింది. దాన్ని అక్కడే వదిలి బస్సులో ఇంటికొచ్చిన మామకు వారం తిరక్కుండా పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. ఎనిమిది నెలల పాటు 'ఊఁ' తప్ప ఇంకో మాట లేదు. ఎడమ చేత్తో మాత్రం గోడకు తగిలించిన జీపు తాళంచెవిని రోజూ చూపించేవాడు. చివరికి అత్త నాకు ఫోన్ చేసింది.

"ఆ బండి ఈడికి తెచ్చేయి అబ్బయ్యా. అది కళ్ల ముందర ఉంటేనన్నా మనిషికి లేవాలని బుద్ధి పుడతాదేమో."

తెలిసిన పికప్ డ్రైవర్ సెల్వాన్ని వెంటబెట్టుకుని వెళ్లాను. జీపు ముందు భాగాన్ని ఇనప రాడ్డుతో పికప్ వెనక బిగించి, దాని నాలుగు చక్రాల మీదే చెన్నై దాకా లాక్కురావాలి. సుమారు రెండొందల యాభై కిలోమీటర్లు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. ఇలాంటి జీపులో గేరు పక్కన ఒక చిన్న లివరు ఉంటుంది. ఇంజన్ బలాన్ని నాలుగు చక్రాలకూ పంపేది అదే. దూరం లాగేటప్పుడు దాన్ని నడిమికి, అంటే న్యూట్రల్‌కు తెచ్చి తీరాలి. లేకపోతే చక్రాలతో పాటు లోపలి గేరు పళ్లు కూడా తిరుగుతూ, నూనె అందక, వేడెక్కి గేర్‌బాక్స్ మొత్తం పోతుంది. ఆ పాత జీపు గేర్‌బాక్స్ ఇప్పుడు ఎంత వెతికినా దొరకదు. మామ నాకు మొదట్లోనే నేర్పిన పాఠం ఇది.

ఆ పాఠాన్నే మరిచిపోయాను. బురదలో దిగబడిన చక్రాలను పైకి తీసి, రాడ్డు బిగించి, వెనక లైట్లకు వైరు కలిపేసరికి ఒళ్లు హూనమైంది. మామకు చూపించాలన్న సంబరంలో లోపలా బయటా ఫోటోలు తీశాను. తలుపులకు తాళం వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను. పొద్దున ఏడింటికి బయలుదేరాం.

భాకరాపేట ఘాట్ దిగి, తిరుపతి దాటాక టీకి ఆగాం. అంతకు ముందు ఎక్కడా ఆగలేదు. మామ నేర్పిన అలవాటు కొద్దీ, గేర్‌బాక్స్ వేడి చూద్దామని జీపు కిందికి వంగాను. అప్పుడు గుర్తొచ్చింది చిన్న లివరు. తోట బురదలో మామ వేసిన ఫోర్‌వీల్‌లోనే అది ఉండిపోయి ఉండాలి. ఆ మనిషికి మిగిలిన ఒక్క ఆశనూ నా చేతులతో నేనే పాడుచేశానని ఏడుపొచ్చింది.

చెయ్యి పెట్టి చూశాను. గేర్‌బాక్స్ చల్లగా ఉంది.

తాళం తీశాను. చిన్న లివరు నడిమికి వచ్చి ఉంది. ఫోన్‌లో తోట ఫోటో చూస్తే, ముందుకు, అంటే ఫోర్‌వీల్‌లోకి, తోసి ఉంది. సెల్వం ఫోటోనూ లివరునూ మార్చి మార్చి చూసి, టీ తాగకుండానే వెళ్లి పికప్ ఎక్కి కూర్చున్నాడు. కుదుపులకు జారి ఉంటుందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ లివరు మహా మొండిది. మామ చేతికి తప్ప ఒక పట్టాన లొంగేది కాదు.

సాయంత్రం నాలుగింటికి కోడంబాక్కం చేరాం. అత్త అప్పటికే మామను వాకిట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మామ ఎడమ చెయ్యి చాపి బానెట్‌ను నిమిరాడు. ఆయన కళ్లల్లో నీళ్లు చూసి నాకూ ఆగలేదు. తర్వాత నా వైపు తిరిగి, ఒక్కో ముక్కా కూడదీసుకుంటూ అన్నాడు.

"చిన్న లివరు... మరిసినావు... గదరా."

ఎనిమిది నెలల తర్వాత విన్న గొంతు అది. ఏమన్నాడన్నది అత్తకు పట్టలేదు. మాట్లాడాడు, అంతే చాలు. ఏడుస్తూనే ఇరుగుపొరుగును కేకేసింది. నాకు మాత్రం ఆ మాటే పట్టింది. నేను మరిచిపోయిన సంగతి నాకూ సెల్వానికీ తప్ప ఎవరికీ తెలియదు. దారిలో మేమిద్దరం ఎవరికీ ఫోన్ కూడా చేయలేదు.

పొద్దున మామ ఎలా ఉన్నాడని తర్వాత అత్తను అడిగాను. ఏడింటి నుంచీ నెమ్మది లేదంది.

"ఎడం చెయ్యితో మంచం పక్కన గాలిలో ఏందో పట్టుకోని లాగతానే ఉన్నాడు. ఒకసారి గట్టిగా లాగి, ఆనక ఇడ్లీ తిన్నాడు పా."

మన జీపుల్లో గేర్లు వేసేది ఎడమ చేత్తోనే.

తోటి మెకానిక్‌లు లివరు జారి ఉంటుందంటారు. సరే, ఒప్పుకుంటాను. మరి మామకెలా తెలిసింది?

జీపు ఇప్పుడు నడుస్తోంది. మామ కూడా కాస్త కాస్త మాట్లాడుతున్నాడు. ఆ సంగతి రెండుసార్లు అడిగాను. మొదటిసారి నవ్వేశాడు. రెండోసారి, గేర్ ఆయిల్ మార్చినావా అని నన్నే అడిగాడు.

ఇప్పుడు ఏ ఫోర్‌వీల్ బండిని లాగాల్సి వచ్చినా చిన్న లివరు చేత్తో తాకి చూసుకుంటాను. చూసుకున్నాక కూడా మామకు ఫోన్ చేస్తాను. ఆయన 'ఊఁ' అన్నాకే బండి కదుపుతాను.