ఈ ఇళ్లవాళ్లకు సలాం

నితాఖాత్‌లో అంటే సౌదీలకు ఇన్ని ఉద్యోగాలివ్వాలన్న ప్రభుత్వ లెక్కలో, మా కంపెనీ ఎరుపు రంగులోకి జారిన ఏడాది అది. సరిపడా సౌదీలను పనిలో పెట్టుకోకపోతే మాలో ఎవరి ఇఖామాలూ, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డులు, రెన్యూ కావని తేలింది. అందుకని అల్ ఖర్జ్ దగ్గర మేం పశువుల షెడ్లు కడుతున్న సైటుకు ఒక ముసలాయనను గేటు కాపలాకు తీసుకున్నారు. జాబితాలో ఒక సౌదీ పేరు ఉంటే చాలు, ఆయన రోజూ రావాలని ఎవరూ అనుకోలేదు. ఆయన మాత్రం ఒక్క రోజూ మానలేదు.

నేను కడప వాణ్ణి. ఆ సైటు ఆఫీసులో కాగితాల పని చూసేవాణ్ణి. కుటుంబాల మీద నెలనెలా కట్టే లెవీ పెట్టాక నా భార్యనూ కూతురినీ ఎగ్జిట్ మీద ఇంటికి పంపేశాను. ఖాళీ గదిలో ఉండబుద్ధి కాక అందరికంటే ముందే ఆఫీసుకొచ్చేవాణ్ణి. ఆఫీసంటే రేకుల పోర్టా కేబిన్, నాలుగేళ్లుగా నా కుర్చీ అందులోనే.

ముసలాయన రోజూ కేబిన్‌కు ఇరవై అడుగుల దూరంలో చెప్పులు విడిచేవాడు. వట్టి కాళ్లతో తలుపు దాకా వచ్చి, తల వంచి సలాం చెప్పేవాడు. లోపలినుంచి నేను జవాబిచ్చేవాణ్ణి. ఆయన నావైపు చూసేవాడు కాదు. చూపు ఆనదేమో అనుకున్నాను.

నెల గడిచాక ఒక ఉదయం ఏసీ పాడై కిటికీ తెరిచి ఉంది. ఆయన మాట మొత్తం అప్పుడే వినబడింది. "అస్సలాము అలైకుం అహలద్దియార్." చాయ్ గ్లాసు నా నోటిదాకా రాలేదు. అది బతికున్నవాళ్లకు చెప్పే సలాం కాదు. ఈ ఇళ్లలో ఉండేవాళ్లారా, మీకు శాంతి కలగాలి అని ఖబ్రస్తాన్‌లో చెప్పేది. చిన్నప్పుడు మా నాన్న సమాధుల మధ్య నిలబెట్టి నాకు నేర్పాడు. ఆ సలాంకు నెల రోజులుగా నేను జవాబిస్తూ ఉన్నాను.

నిర్మల్ వైపు నుంచి వచ్చినతను ఒకడు మా సైటులో మట్టి ఎత్తే షవల్ బండి నడిపేవాడు. ఈ సంగతి అతనికి చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. కేబిన్ వైపు చెయ్యి చూపించాడు.

"భాయ్, ఈ జాగ సదును చేసింది నేనే. బకెట్‌కు రాళ్లు తగిలినయి. అన్నీ నిలబెట్టిన రాళ్లే. ఊకె పడ్డ రాయి అట్ల నిలవడది. అడుగుదామనుకున్న. ఎవలను అడగాలె?"

అప్పటినుంచి తను ఆ వైపు కూర్చుని అన్నం తినలేదని కూడా చెప్పాడు. నాలుగేళ్లు పక్కనే పనిచేసినా నేను అది గమనించలేదు.

ఆ నెలలోనే మా భాగస్వామి కంపెనీ కెనడా నుంచి ఒక ఉత్తరం పంపింది. ప్రతి సైటూ తాను నిలబడిన నేల తనకంటే ముందు ఎవరిదో ఒప్పుకుంటూ ఒక ప్రకటన రాయాలి, మీటింగు మొదట్లో చదవాలి. మా మేనేజరు జోర్డాన్ ఆయన. తెల్లవాళ్లు వాళ్ల దేశంలో చేసిన తప్పుకు ఇసుకలో మనమెందుకు రాయాలి, ఇక్కడ ముందు ఎవరున్నారు గనక అని ఆ పని నా మీద పడేశాడు. వాళ్లు పంపిన నమూనానే నేను కాపీ చేశాను. 'అనాదిగా ఈ నేలను కాపాడిన' అన్న తర్వాత జనం పేరు ఉండాల్సిన చోట చుక్కలు పెట్టాను.

ఆ ప్రకటనలు సరిగా రాయించడానికి కెనడా నుంచే ఒకావిడ వచ్చింది. అక్కడి ఆదివాసుల బిడ్డ, యాభై దాటి ఉంటాయి. నా కాగితం చదివి, చుక్కల మీద వేలు పెట్టి, ఇక్కడ ఎవరున్నారని అడిగింది. తెలియదు అనేస్తే అయిపోయేది. నేను సలాం సంగతి చెప్పాను.

ఇద్దరం గేటు దగ్గరికి వెళ్లాం. ముసలాయన మాకు గహ్వా, వాళ్ల కాఫీ, పోశాడు. నా వచ్చీరాని అరబీతో ఇద్దరి మధ్యా కూర్చున్నాను. ఆయన చెప్పింది ఇది: ఎండాకాలాల్లో వాళ్ల వాళ్లు ఇక్కడి బావి దగ్గర గుడారాలు వేసేవారు. ఒక ఏడాది జ్వరాలు తగిలాయి. పూడ్చడానికి మనుషులు చాలలేదు. అప్పుడు ఆయనకు ఆరేళ్లు. ఈ పశువుల ఫారం వచ్చాక ఎవరూ వాళ్లను అడగలేదు. గేటు ఉద్యోగమని తెలిసి, జీతం ఎంతో కూడా అడగకుండా ఒప్పుకున్నాడు.

ఎవరు ఎక్కడున్నారో చూపించగలవా అని ఆవిడ అడిగింది. ఆయన లేచి, సిమెంటు బిళ్ల కప్పిన పాత బావి దగ్గర నిలబడి, అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. పెదనాన్న అన్నాడు. ఇంకొన్ని అడుగులు వేసి, అన్న అన్నాడు. కేబిన్ అడ్డమొచ్చింది. లెక్క ఆపకుండా తలుపు తీసి లోపలికొచ్చాడు. నా బల్ల దగ్గర ఆగి, కుర్చీ జరపమని చేత్తో సైగ చేశాడు.

"ఉమ్మీ" అన్నాడు. మా అమ్మ.

ఆవిడ చెప్పులు విడిచింది. నేను అక్కడే కూర్చుని బూట్ల తాళ్లు విప్పుకున్నాను.

తర్వాత ఆవిడ నాతో నెమ్మదిగా మాట్లాడింది. వాళ్ల నాయనమ్మ వాళ్ల గూడెం మీద ఇప్పుడు ఒక ఆఫీసు ఉందట. ఆ ఆఫీసులో రోజూ ఇలాంటి ప్రకటన చదువుతారట, ఆమె లోపలికి పోవాలంటే మాత్రం గేటు పాసు చూపించాలట. గౌరవిస్తున్నాం అన్న మాట ఒక్కటే రాయొద్దని, ఏం తీసుకున్నామో, ఏం తిరిగిస్తామో రాయమని చెప్పింది.

సంగతి విన్నాక మేనేజరు ఈసారి కొట్టిపారేయలేదు. కంపెనీ యజమానికి ఫోన్ చేశాడు. యజమాని మర్నాడే వచ్చి, ఆ నేల అంచునే నిలబడ్డాడు, లోపలికి అడుగు పెట్టలేదు. కేబిన్ తీసేయమని చెప్పి వెళ్లాడు.

పట్టపగలు క్రేను కేబిన్‌ను పైకెత్తింది. దిమ్మల మీద పెట్టిన కేబిన్ కావడంతో కింద నేల అలాగే ఉంది. నా కుర్చీ ఉన్న చోట జానెడు రాయి ఒకటి నిటారుగా నిలబడి ఉంది. బకెట్ దానికి ఎలా తగల్లేదో నిర్మల్ అతనికే అర్థం కాలేదు. బండి వద్దని, చేతులతోనే చుట్టూ ఇసుక తీశాడు. ముసలాయన వంగి రాయి మీద అరచెయ్యి ఆనించాడు, పడుకున్న మనిషికి జ్వరం తగ్గిందేమో చూసినట్టు.

ప్రకటనలో ఏం రాయాలని ఆయననే అడిగాం. వీళ్లు వెళ్లిపోలేదు, ఇక్కడే ఉన్నారు, గేటు తెరిచి ఉంచండి అన్నాడు. అంతే రాశాం. కింద 'ఇక్కడి రాళ్లు తీసింది మేమే' అని నేను చేర్చిన వాక్యాన్ని ఆవిడ వెళ్లిపోయాక మేనేజరు కొట్టేశాడు. అచ్చైన బోర్డు మీద మార్కర్‌తో మళ్లీ నేనే రాశాను. దాన్ని ఎవరూ చెరపలేదు. చుట్టూ కంచె వేశారు. శుక్రవారాలు గేటు తెరిచి ఉండేది, రియాద్ నుంచి ఆయన బంధువులు వచ్చేవారు.

లెవీలు మళ్లీ పెరిగాక నిర్మల్ అతనికి ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. బయల్దేరే రోజు కంచె దగ్గరికొచ్చి, చేతులు కట్టుకుని, తెలుగులోనే అన్నాడు. "తీసింది నేనే. తెల్వక తీసిన." ఏమన్నాడని ముసలాయన నన్ను అడిగాడు. చెప్పాను. వాళ్లు విన్నారు, జవాబు కూడా చెప్పారు అన్నాడాయన, చాలా మామూలుగా, గహ్వా పోస్తూ.

రియాద్ ఎయిర్‌పోర్టుకు అతన్ని నేనే దింపాను. దారిలో ఒక్కసారే మాట్లాడాడు.

"వాళ్లు ఏమన్నరో అడగకపోతివి, భాయ్."

అడగలేదు. ఆ తర్వాత ఇంకో ఏడాది ఆ సైటులో ఉన్నాను. అయినా అడగలేకపోయాను.