బొటనవేలు ఎగిరిన రోజు

మంట మొదలైన రోజు మగ్గం గదిలో ఉన్నవి: మగ్గం, కొత్త అచ్చు, బూడిద గిన్నె. ఉన్నవాళ్లు: నాయన, నేను. బైక్ మీద నుంచి పడి తెగిన నా కుడి మణికట్టుకు కుట్లు విప్పి నెల దాటింది. మా ధర్మవరంలో మగ్గం మీది అచ్చు, అంటే నిలువు పోగుల పడుగు, అయిపోవచ్చినప్పుడు, కొత్త అచ్చు పోగులను ఒక్కొక్కటిగా పాత కొనలకు చేర్చి, బూడిద అద్దిన వేళ్లతో మెలితిప్పి అతుకుతారు. మా ఇంట్లో ఆ పని నాది. ఆ రోజు మొదటి పోగు తగలగానే బొటనవేలి మీద కాగిన నూనె పడినట్టయింది.

అనంతపురంలో నర్వ్ కండక్షన్ స్టడీ అనే నరాల పరీక్ష చేసి, మణికట్టులోని మీడియన్ నర్వ్ దెబ్బతిందని, ఇది నరం దెబ్బతో వచ్చే న్యూరోపతిక్ పెయిన్ అని చెప్పారు. ప్రీగాబలిన్ మాత్ర వేసుకుంటే తల తిరిగేది. మంట మాత్రం పదికి ఎనిమిది. పాలిటెక్నిక్ డిప్లొమాలో అబ్బిన అలవాటు కొద్దీ రోజూ రెండుసార్లు ఆ అంకెను రీడింగులా ఒక పుస్తకంలో రాసుకునేవాణ్ని. ఏడాది తర్వాత బెంగళూరు పంపారు.

అక్కడి డాక్టరమ్మ ఆర్‌టీఎంఎస్ గురించి వివరించారు. తల మీద కాయిల్ ఆనించి, మెదడులో చేతిని కదిలించే భాగానికి అయస్కాంత పల్సులు ఇస్తారు. "అందరికీ పనిచేయదు. పది సెషన్లయ్యాక చూద్దాం," అన్నారు.

మొదటి రోజు పల్సు ఎంత బలంగా ఇవ్వాలో తేల్చడానికి తలకు ఎడమవైపు కాయిల్ పెట్టారు. టక్‌మంది. నా కుడి బొటనవేలు దానంతటదే ఎగిరింది.

నాయన కుర్చీలోంచి లేచాడు. "చూస్తివా! యేలు ఎగిరినాది! ఇంగ బాగయిపోయినట్టే!"

అది పల్సు బలం తేల్చే మోటార్ థ్రెషోల్డ్ పరీక్ష మాత్రమేనని నాకు తెలుసు. అయినా నాయన మాట కాదనలేదు. నాకూ నమ్మాలనే ఉంది.

ఐదు సెషన్లయ్యాక ఆదివారం ఇంటికి వచ్చాం. నాయన అచ్చు సిద్ధం చేశాడు. "ఓ నూరు పోగులు అతుకు, చూద్దాం." అరవై దగ్గర రీడింగు తొమ్మిది. సాయంత్రానికి చొక్కా చెయ్యి తగిలినా ఓర్చుకోలేకపోయాను. ఆ మంటతో వెళ్లలేక రెండు సెషన్లు పోయాయి.

"ఇంగ నేను పోను నాయనా."

"ఏమప్పా, నేను తొందరపడితే నువ్వు మానుకుంటావా? లెయ్, పోదాం పా."

మళ్లీ బెంగళూరు వెళ్తే డాక్టరమ్మ గట్టిగానే చెప్పారు. "వేలు కదిలింది మేం కదిలించాం కాబట్టి. నొప్పి తగ్గిందో లేదో ఈ పుస్తకం చెప్పాలి."

"తప్పు నాది మేడమ్, వాణ్ని తిట్టాకండి," అన్నాడు నాయన.

మూడో వారానికి రీడింగు ఆరుకు దిగింది. సెషన్ అయ్యాక తలనొప్పి వచ్చేది, గంటలో పోయేది. ఇప్పుడు నెలకొక సెషన్, సగం మోతాదు మాత్ర. చాలా రోజులు నాలుగు. కొన్ని రోజులు ఏడు.

ఈ చికిత్సకు వెళ్లేవారికి ఒకటే చెబుతాను: మొదలుపెట్టడానికి రెండు వారాల ముందు నుంచే మీ నొప్పి రీడింగు రాసుకోండి. తగ్గిందో లేదో దాంతోనే తేల్చుకోండి.

ఇప్పుడు ప్రతి యాభై పోగులకూ ఆగి చేతికి కాస్త విశ్రాంతి ఇస్తున్నాను. అచ్చులోని వేల పోగుల్లో నాకు చేతనైనవి పోను మిగతావి నాయన అతుకుతాడు. నిన్న నేను అతికినవి నాలుగు వందల యాభై.