ఇద్దరికి థాయిలాండ్ ఖర్చు

నాకు యాభై నిండగానే అక్కా నేనూ నిజామాబాద్ విడిచి థాయిలాండ్‌లో స్థిరపడాలనుకున్నాం. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వేవాళ్లు. మా జిల్లా నుంచి దుబాయికో మస్కట్‌కో సంపాదించడానికి పోతారు గానీ, సంపాదించింది పట్టుకుని ఇంకో దేశంలో బతకడానికి పోయినవాళ్లను మావాళ్లు ఎన్నడూ చూడలేదు. అందులోనూ ఇద్దరం ఆడవాళ్లం. అక్క భర్త పోయిన మనిషి. నాకు పెళ్లి కాలేదు. కాకపోవడానికి చెప్పుకోదగ్గ కథేమీ లేదు. వచ్చిన సంబంధాలు నాకు నచ్చలేదు, నచ్చిన ఒక్కచోట వాళ్లకు నేను నచ్చలేదు, ఆ తర్వాత అడగడం మానేశారు.

అక్క నాకంటే నాలుగేళ్లు పెద్దది. బావ పోయినప్పుడు ఆమెకు ఇరవై ఎనిమిది. నర్సింగ్ చదువుకుంది కాబట్టి మస్కట్‌లో ఒక ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. పన్నెండేళ్లు చేసింది. మేమిద్దరం ఉండే ఫ్లాటు, బోధన్ రోడ్డులో ఒక ప్లాటు ఆ డబ్బుతో కొన్నవే. తిరిగొచ్చాక ఊళ్లోనే ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో హెడ్ నర్సుగా చేరింది. నేను ఎడపల్లి దగ్గర సర్కారు బడిలో లెక్కల టీచర్ని. పొద్దున బస్సెక్కి పోవడం, సాయంత్రం చెరుకు ట్రాక్టర్ల వెనక నత్తనడకన ఇల్లు చేరడం. ఇరవై నాలుగేళ్లు అలాగే గడిచాయి.

థాయిలాండ్ ఆలోచన అక్కకు మస్కట్‌లోనే పుట్టింది. ఆమెతో ఒకే గదిలో ఉండే నర్సుది ఆ దేశం. దక్షిణాన సముద్రం ఒడ్డున చిన్న పట్నం. ఒకసారి సెలవుల్లో తన తమ్ముడి పెళ్లికని అక్కను వెంట తీసుకుపోయింది. అక్కడ పెళ్లికొడుకు, పెళ్లికూతురు చేతులు జోడించి కూర్చుంటే, వచ్చినవాళ్లు ఒక్కొక్కరే శంఖంతో ఆ చేతుల మీద నీళ్లు పోసి దీవిస్తారట. అక్క అలవాటు కొద్దీ వెనక గోడకు ఆనుకుని నిలబడింది. మా ఇళ్లలో పసుపు దంచే రోజు నుంచి అప్పగింతల దాకా ఆమె చోటు అదే, లేకపోతే వంటల దగ్గర. స్నేహితురాలి తల్లి వచ్చి, చెయ్యి పట్టుకుని ముందుకు తీసుకుపోయి, శంఖం ఆమె చేతిలో పెట్టింది.

“నా మొగడు సచ్చిపోయిండని చెప్పిన. ఆమె ఏమన్నదో ఎర్కనా? అయ్యో పాపం అన్నది. గంతే. శంఖం మాత్రం గుంజుకోలే,” అని అక్క చెప్పేది. ఈ ముక్క ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా తన కుడిచేతిని ఒకసారి చూసుకునేది.

మొదట్లో అది ఉత్త మాటే. ఒక ఆదివారం మాత్రం నా దగ్గరున్న పొడుగు నోటుబుక్కు ఒకటి తీసి, పేజీ మధ్యలో గీత కొట్టి, ఒకవైపు వాళ్ల బాత్‌లు, ఒకవైపు మన రూపాయలు అని రాసింది. అప్పటినుంచి ఆదివారం మధ్యాహ్నం అన్నం తిన్నాక మాకు అదే పని. ఇంటి కిరాయి, బియ్యం, కూరగాయలు, చేపలు, కరెంటు. ఉండనిచ్చినందుకు ఏటేటా కట్టే వీసా ఫీజు. వాళ్ల బ్యాంకులో కదపకుండా ఉంచాల్సిన మొత్తం. ఆరోగ్య బీమా. ఏడాదికోసారి వచ్చిపోవడానికి టికెట్లు. అక్క ఖర్చులు చెబితే నేను ఒక్కోదాన్ని ఏటా కొంత పెంచుకుంటూ ఇరవై ఐదేళ్లకు గుణించేదాన్ని. రూపాయి పడిపోతే ఎంత, వడ్డీ తగ్గితే ఎంత అని వేరే పేజీలు ఉండేవి. రావాల్సిన వైపు నా పింఛను, ఆమె డిపాజిట్ల మీద వడ్డీ, ఫ్లాటు కిరాయి, ప్లాటు అమ్మితే వచ్చే సొమ్ము. ఎన్నిసార్లు తగ్గించి చూసినా ఖర్చు నెలకు ఎనభై వేలు దాటేది. లెక్కలోంచి స్కూటీ కొట్టేశాం. ఏసీ ఒక గదికే చాలనుకున్నాం.

రెండు ఖర్చుల దగ్గర మాత్రం మాకు కుదరలేదు. ఒకటి చావు ఖర్చు. అది రాయడం నాకు ఇష్టం లేదు.

“మస్కట్‌ల మనోళ్ల పీనుగులు పెట్టెలల్ల పోంగ నేను సూసిన,” అన్నది అక్క. “కాయితాలకే దినాలకు దినాలు. నేను సస్తే ఆడ్నే కాలవెట్టు. గా పైసలు గిప్పుడే రాయి.”

రాశాను. రెండోది ‘ఇంట్ల మనిషి’ అని ఆమె రాసిన ఖర్చు. చిన్న మొత్తమేమీ కాదు.

“ఉండేది ఇద్దరం. బోళ్లు తోముకునుడు, ఇల్లు ఊడ్సుకునుడు మనకు చాతగాదా అక్కా? గా ఖర్చు కొట్టేస్త.”

“ఉండనీ.”

“దేనికి?”

“ఉండనీ అంటున్న గదా. ఇయ్యాల మంచిగున్నమని ఎన్నటికీ గిట్లనే ఉంటమా?”

నర్సు కదా, అలాగే ఆలోచిస్తుందిలే అని ఊరుకున్నాను.

మాకు ఒక్కడే తమ్ముడు. నందిపేట్‌లో పసుపు వేస్తాడు. విషయం తెలిసి ఒకరోజు వచ్చి కూర్చున్నాడు. “నలుగురు ఏమంటరక్కా? తమ్ముడు సూడకపోతే దేశాలు వట్టి పోయిండ్రు అంటరు,” అన్నాడు.

“ఆ నలుగుర్ని నెలకు ఎనభై వేలు పంపుమను. ఈడ్నే ఉంటం,” అన్నది అక్క. తమ్ముడు కూడా నవ్వక తప్పలేదు. అక్కలో ఆ చురుకు అప్పటికి అలాగే ఉంది. అందుకే నాకు అనుమానం రాలేదని ఇప్పుడు నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

ఆ వానాకాలం ఒక సాయంత్రం అక్క డ్యూటీ బూట్లు ప్లాస్టిక్ కవర్లో వేసుకుని ఇంటికి వచ్చింది.

“నౌకరి బంద్ జేసిన. ఇగ పోదాం,” అన్నది.

“ఇంక రెండేండ్లు చేద్దామనుకుంటిమి గదా?”

“రెండేండ్లు ఎవ్వలు సూసిండ్రే? నువ్వు గూడ కాయితం ఇచ్చెయ్.”

ఆమెలో అంత తొందర నేనెన్నడూ చూడలేదు. సంతోషమే వేసింది నాకు. వారం తిరక్కుండా స్వచ్ఛంద పదవీ విరమణకు మూడు నెలల నోటీసు ఇచ్చాను. మా హెడ్మాస్టరు కాగితం చదివి కళ్లద్దాలు తీశారు. “మేడం, ఇంకొక్కసారి ఆలోచన చేసుకోండ్రి. ఆర్డర్ వచ్చినంక ఎనుకకు పోవుడు ఉండది,” అన్నారు. నేను స్టాఫ్ రూంలో మిఠాయి పంచాను. ప్లాటుకు బేరం కుదిరింది.

ఆ మూడు నెలల్లోనే నోటుబుక్కులో తప్పులు మొదలయ్యాయి. ఒకే పేజీలో కిరాయి రెండుసార్లు పడేది. ఇంకో పేజీలో మూడుసార్లు. బాత్‌ల వైపు రూపాయలు, రూపాయల వైపు తేదీలు. లెక్కలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడమే జీవితమంతా నేను చేసిన పని. ఆమె తప్పులన్నీ ఎర్రపెన్నుతో దిద్దుకుంటూ కూర్చున్నాను. ఎందుకు వస్తున్నాయని ఒక్కసారి కూడా అడగలేదు.

ఒకరోజు కూరగాయల మార్కెట్లో, అక్క దగ్గర పనిచేసిన చిన్న నర్సు ఎదురైంది. “మా మేడం మంచిగున్నరా? దావఖానల సూపిచ్చిండ్రా?” అని అడిగింది. ఏం చూపించాలని నేను అడిగితే ఆ పిల్ల ముఖం వాడిపోయింది. బలవంతం చేస్తే చెప్పింది.

“ఒక పేషెంటుకు ఇచ్చిన సూదినే అర్ధగంటకు మళ్ల ఇయ్యవోయిండ్రు. నేను సూసి చెయ్యి వట్టుకున్న. ఎవ్వలకు చెప్పలేదు మేడం, ఒట్టు. ఆమెనే పోయి డాక్టర్ సార్‌కు చెప్పి, రాజీనామా ఇచ్చి పోయిండ్రు.”

ఇంటికి వచ్చేసరికి అక్క నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అడిగేశాను. ఒలవడం ఆపలేదు.

“ఎన్నటి సంది అక్కా?”

“ఏడాది దాటింది. ముందుగాల పేర్లు వోయినయి. తర్వాత మంచాల నంబర్లు.”

“నాకెందుకు చెప్పలే?”

“చెప్తే పోదామంటవా? దావఖానల పొంటి తిప్పుతవ్. ఆడికి పోతే నన్ను సూసుకునే మనిషి దొరుకుతది, రాసిన గదా. నన్ను కడుగుకుంట నువ్వు కూసునుడు ఉండది. నాకు మతి ఉన్నప్పుడే ఆడికి చేరితే, నేనున్నా లేకున్నా నువ్వు ఆడ బతుకుతవ్. లేకుంటే గీ ఫ్లాట్ల నా ఎంబడి నువ్వు గూడ ముసలిదానివైతవ్.”

చిక్కుడుకాయల ఈనెలు ఒక పళ్లెంలో, కాయలు ఒక పళ్లెంలో వేస్తోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ రెండూ ఒకే పళ్లెంలో వేసింది. చూసుకుని, మళ్లీ వేరుచేయడం మొదలుపెట్టింది.

హైదరాబాద్ తీసుకుపోయాను. స్కాన్లు తీశాక డాక్టరు ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలు వేశాడు. ఇది ఏ నెల, ఇది ఏ ఊరు. వందలోంచి ఏడు తీసేస్తే ఎంత? తొంభై మూడు అన్నది అక్క. అందులోంచి ఇంకో ఏడు? ఆమె నా వైపు చూసింది. పరీక్షలో పక్కపిల్ల పేపరు వైపు చూసే పిల్లల చూపు నాకు కొత్త కాదు. ఎనభై ఆరు అని నా నోటిదాకా వచ్చింది. మింగేశాను. మందులు జబ్బును కాస్త నెమ్మదింపజేస్తాయి గానీ ఆపలేవని డాక్టరు చెప్పాడు. ఈ వయసులో వస్తే తొందరగానే ముదురుతుందని కూడా చెప్పాడు.

ఆ పదిహేను రోజుల్లోనే నా రిటైర్మెంటు ఆర్డరు వచ్చింది. ఆఫీసుకు పరుగెత్తి, వెనక్కి తీసుకోవడానికి వీలుందా అని అడిగాను. “గడువు దాటిపోయిందమ్మా,” అన్నాడు క్లర్కు. మంచివాడే, కుర్చీ వేశాడు, నీళ్లు తెప్పించాడు.

అయినా వెంటనే ఆశ వదులుకోలేదు. బీమా ఏజెంట్లకు ఫోన్లు చేశాను. జబ్బు పేరు వినేదాకా అందరూ బాగానే మాట్లాడేవాళ్లు. అక్క మస్కట్ నాటి థాయి స్నేహితురాలు వీడియోలో కనిపించి, వచ్చేయండి, ఏదో ఒకటి చూద్దాం అన్నది. నేను తలుపు వేసుకుని లెక్క మొత్తం మొదటినుంచి వేశాను. బీమా లేకుండా, మందులతో, పగటికొకరు రాత్రికొకరు చొప్పున ఇద్దరు మనుషులతో. అక్కకు అరవై ఒకటి వచ్చేసరికి నా పింఛను తప్ప పైసా మిగలదు. ఆ తర్వాత బోర్డుల మీద అక్షరాలు కూడా చదవలేని దేశంలో నేను ఒక్కదాన్ని. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని నాలుగుసార్లు సరిచూశాను. దొరకలేదు.

అక్కకు ఆ సంగతి చెప్పే ధైర్యం లేకపోయింది. “ఎన్నడు పోతున్నమే?” అంటే వానలు తగ్గినంక అన్నాను. వానలు తగ్గాయి. చలి పోయినంక అన్నాను.

ఆ చలికాలంలో తమ్ముడి కారులో ఆమెను పోచంపాడ్ తీసుకుపోయాం. డ్యాం నిండుగా ఉంది. అవతలి ఒడ్డు కనిపించనంత నీళ్లు, గాలికి అలలు. నేను బుద్ధిలేకుండా, “సూడక్కా, ఎన్ని నీళ్లో. అచ్చం సముద్రమే గదా,” అన్నాను.

అక్క నీళ్ల వైపు చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

“గిది గోదారి. నాకు మతి వోతున్నది గని కండ్లు వోలేదే. నన్ను పిచ్చిదాన్ని జెయ్యకు.”

తమ్ముడు వేయించిన చేపలు పొట్లం కట్టించుకొచ్చాడు. ఆమె ముట్టలేదు. తిరుగుదారిలో కారు ఆర్మూరు దాటాక, కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది.

“పోతలేం గదా?”

“పోతలేమక్కా.”

“ఆ,” అన్నది.

ఆమె అన్నీ తెలిసి మాట్లాడిన చివరి మాట అదేననుకుంటాను. మర్నాడు పొద్దున్నే, “ఎన్నడు పోతున్నమే?” అని అడిగింది. పోవడం లేదని చెప్పాను. ముఖం పాలిపోయింది. ఆ మర్నాడు మళ్లీ అడిగింది, మళ్లీ చెప్పాను, మళ్లీ పాలిపోయింది. ప్రతిసారీ ఆమెకు అది మొదటిసారి వినడమే. పది రోజులు చెప్పి, నిజం చెప్పడం మానేశాను. ఇంకొన్నాళ్లకు ఆమె అడగడం మానేసింది. అడగనందుకు నేను ఆ రోజు వంటింట్లో కూర్చుని ఏడ్చాను.

రెండేళ్లయింది. ప్లాటు అమ్మిన డబ్బులోంచి నెలనెలా తీస్తున్నాను. పగలు ఒకామె వచ్చి అక్కను చూసుకుంటుంది, ఆదివారాలు రాదు. బడిలో పాత స్నేహితులు ఎదురైతే, “నీకేంది, జల్ది రిటైర్ అయినవ్, హాయిగున్నవ్,” అంటారు. అవునంటాను. తాళంచెవి ఎక్కడ పెట్టానో గుర్తు రాకపోతే మాత్రం నిలబడ్డచోటే వందలోంచి ఏడేసి తీసుకుంటూ పోతాను. తొంభై మూడు, ఎనభై ఆరు, డెబ్బై తొమ్మిది. రెండు మిగిలేదాకా ఆపను. ఇప్పటిదాకా తప్పలేదు. తప్పే రోజు వస్తే నాకొక చెల్లెలు లేదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం అక్కకు స్నానం చేయించి, పక్క గుడ్డలు మార్చి, మంచం మీద కూర్చోబెట్టి అన్నం కలిపి పెడుతున్నాను. నా చేతిని, తర్వాత ముఖాన్ని పరీక్షగా చూసింది. నర్సింగ్ హోంలో కింది నర్సులతో మాట్లాడే గొంతు వచ్చింది ఆమెకు. మెత్తగా, కాస్త అధికారంగా.

“సిస్టర్, పొద్దటి సంది నిలవడే ఉన్నవ్. నీ డ్యూటీ అయిపోయింది గదా, ఇంటికి వో.”

“ఇంక గాలేదు మేడం,” అన్నాను.

“ఎందుకు? నీ తర్వాత డ్యూటీకి ఎవ్వలూ రాలేదా?”

“రాలేదు మేడం.”

ఆమె విసుగ్గా తల ఊపింది. “సార్‌తోని చెప్త,” అని, ఇంకో ముద్దకు నోరు తెరిచింది.